ముందు మాట్లాడే మనిషి

పేపరు చదివే ముసలాయన ఆ వార్త దగ్గరికి వచ్చేసరికి తోమాసా చేతిలో ఆకు అడ్డంగా చిరిగింది.

మామూలుగా ఆమె చేతిలో ఆకు చిరగదు. సాయంత్రం తడిపి ఉంచిన పొగాకు పొద్దున్నకి మేక చెవిలా మెత్తబడి ఉంటుంది. కొస దగ్గర ఈనెని గోటితో లేపి, వేలికి చుట్టి ఒక్క గుంజు గుంజితే ఈనె ఈనెగా వచ్చేస్తుంది, ఆకు రెండు రెక్కలవుతుంది. కుడి రెక్క కుడి తొడ మీద, ఎడమ రెక్క ఎడమ తొడ మీద. ఈ పనికి కళ్ళక్కర్లేదు. అందుకే చెవులు ముసలాయనకి అప్పగించి కూర్చుంటారు అందరూ. షెడ్డు మధ్య ఎత్తుకుర్చీ ఎక్కి ఆయన పొద్దున పేపరు, మధ్యాహ్నం నవల చదువుతాడు. ఈనె తీసే ఆడవాళ్ళలో చదువొచ్చినవాళ్ళు తక్కువ. విని విని నేర్చుకున్నవాళ్ళే అంతా.

"పక్క ఊరి చర్చి మైదానంలో సభ జరుపుకుంటున్న పొగాకు కూలీ స్త్రీలను పోలీసులు లాఠీలతో చెదరగొట్టారు. ప్రసంగిస్తున్న స్త్రీకి చెయ్యి విరిగింది" అని చదివి, ముసలాయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడవడం అయ్యాక కూడా వెంటనే పెట్టుకోలేదు.

"విరిగింది చెయ్యే కదా, నోరు కాదుగా!" అంది హెనరా, తోమాసా పక్కన తన పీపా మీద కూర్చుని. "నోరుంటే చాలు మనకి. ఏమంటావే తోమాసా?"

నలుగురు నవ్వారు. తోమాసా నవ్వలేదు. ఏ చెయ్యి, కుడిదా ఎడమదా అని ఆలోచిస్తోంది. ఎడమదైతే ఆకు పట్టుకోలేదు, కుడిదైతే ఈనె గుంజలేదు. ఏ చెయ్యి విరిగినా పిల్లకి జడ వెయ్యలేదు.

ఆదివారం ఇక్కడ కూడా సభ ఉంది. పోయిన ఏప్రిల్లో రాజధాని సాన్ హువాన్‌లో పెద్దలు చట్టం చేశారు. చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్ళకి ఓటు. రానివాళ్ళకి లేదు. పోర్తొరీకోలో ఆడదానికి ఓటు కావాలని ఏళ్ళ తరబడి గాడిద బండ్ల మీద ఊరూరా తిరిగి గొంతు చించుకున్నది తోమాసా. ఊళ్ళో ఆమెని "ఓట్ల తోమాసా" అనే పిలుస్తారు. వెటకారంగా కొందరు, ముద్దుగా కొందరు. ఆ ఓటు వచ్చింది. తోమాసాకి రాలేదు. అందుకే ఆదివారం మళ్ళీ సభ, అందరికీ కావాలని. ఎప్పటిలాగే ముందు మాట్లాడేది ఆమే.

ఎప్పటిలాగే అంటే ఎప్పటిలాగే. ప్రతి సభకీ ముందు ఇంటి వెనక్కి పోయి కడుపులో ఉన్నదంతా కక్కేస్తుంది. హెనరా నుదురు పట్టుకుంటుంది. "త్వరగా కానియ్యవే తల్లీ, జనం ఎండలో నిలబడ్డారు" అంటుంది. ఆ తర్వాత అరుగెక్కి తోమాసా మాట్లాడుతుంటే, ఈవిడకి భయమనేది ఉందని ఎవరూ అనుకోరు.

చిరిగిన ఆకుని ఆమె రెక్కల దొంతర అడుగున దాచేసింది. అప్పుడే మేస్త్రీ కోస్మె దొర తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ముసలాయన్ని చూశాడు, తోమాసాని చూశాడు, వెళ్ళిపోయాడు.

"అరిస్తే బాగుండేది" అంది తోమాసా మెల్లగా.

గురువారం చీకటిపడే వేళ లిబొరియో వచ్చాడు. నిరుడు పోలీసుల్లో చేరాడు. యూనిఫారం మెడ దగ్గర బిగుతు, నడుం దగ్గర వదులు. మెట్టు కిందే నిలబడి టోపీ తీశాడు.

"దీవించు జ్ఞానమ్మా."

"దేవుడు చల్లగా చూడాలి నాయనా. లోపలికి రా, మంచు పడుతోంది. భుజాలు చూడు, ఎలా తడిశాయో."

దీవెన అడగనిదే కన్నతల్లినైనా పలకరించరు ఆ ఊళ్ళో. జ్ఞానస్నానంలో ఎత్తుకున్న తల్లి కన్నతల్లితో సమానం. లిబొరియోని ఎత్తుకున్నది తోమాసా. మెడ నిలవని పసిగుడ్డు. ఫాదరు చేతికిచ్చాక నీళ్ళు పోస్తూ ఎక్కడ జారవిడుస్తాడో అని, ఆరోజు ఆమె ఆయన చెయ్యి కింద చెయ్యి పెట్టుకునే నిలబడింది.

వాడు లోపలికి రాలేదు. "ఆదివారం రాకు జ్ఞానమ్మా" అన్నాడు.

"ఎవరు చెప్పమన్నారు?"

"చెప్పమనడం కూడానా! చెప్పానని తెలిస్తే నా తోలు ఒలుస్తారు. సార్జెంటు కొత్తవాడు, మన ఊరివాడు కాదు. ముందు నోరు తెరిచిన దాన్ని ముందు దించండి, మిగతావి వాటంతటవే పోతాయి అన్నాడు." వాడు టోపీని గుండ్రంగా తిప్పుతున్నాడు. "దించడమంటే చెయ్యి పట్టుకుని దించడం కాదు జ్ఞానమ్మా."

"నిన్నే దించమన్నాడా?"

"ఎవరు దగ్గరుంటే వాళ్ళు."

తోమాసా వాడి చేతులకేసి చూసింది. పెద్దవయ్యాయి. ఎప్పుడయ్యాయో తెలీలేదు.

"తిన్నావా?" అంది.

"ఇప్పుడది కాదు జ్ఞానమ్మా..."

"తిన్నావా లేదా?"

ఉడికించిన అరటికాయ, ఉప్పుచేప ముక్క పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. వాడు మెట్టు కిందే నిలబడి, వీధికి వీపు పెట్టి తిన్నాడు. లోపల్నించి నెరెయిదా వచ్చి తల్లి గౌను పట్టుకుని చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల. తండ్రి చెరకు నరకడానికి దక్షిణాదికి పోయి అక్కడే మరో సంసారం పెట్టుకున్నాడు. ఈ పిల్లకి ఆమె, ఆమెకి ఈ పిల్ల.

"లిబొరియో, నీ లాఠీ పట్టుకోనా?" అంది పిల్ల.

"ముట్టుకోకు!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

శుక్రవారం పనినుంచి వచ్చేసరికి గుమ్మం ముందు దోన్యా ఎర్నెస్తీనా గొడుగు వేసుకుని నిలబడి ఉంది. మేస్త్రీ కోస్మె భార్య కాబట్టి ఊరందరికీ దోన్యా, అంటే దొరసాని. నెరెయిదాని జ్ఞానస్నానంలో ఎత్తుకున్నది ఆవిడే. అప్పట్నించీ వరసకి ఇద్దరూ వదినలు. ఆ వరస కలిశాక ఆ ఇద్దరి మధ్య గట్టి మాట రాకూడదు. అక్కచెల్లెళ్ళు జుట్టు పట్టుకున్నా దేవుడు మన్నిస్తాడు గాని, ఈ వదినలు గొంతు పెంచితే మన్నించడంటారు. ఎర్నెస్తీనాకి పిల్లల్లేరు. చంకలో చెప్పుల పెట్టె ఉంది.

"లోపలికి రండి వదినగారూ. కాఫీ పెడతాను."

"వద్దు తోమాసా, నిలబడే మాట్లాడతాను. ఆదివారం సంగతి కోస్మె చెప్పాడు." ఆవిడ గొంతు ఎప్పుడూ జ్వరం పడినవాళ్ళ పక్కన మాట్లాడినట్టు ఉంటుంది. "నిన్ను ఆపడానికి రాలేదు. పిల్లని నా దగ్గర ఉంచు. ఈ గొడవ అయ్యేదాకా."

తోమాసా చేతులు గౌనుకి తుడుచుకుంది. పొగాకు చేతులతో పిల్లని ముట్టుకోదు, దగ్గు వస్తుందని.

"నీకేమన్నా అయితే... కాకూడదనే అనుకుందాం. అయితే పిల్ల వీధిలో పడకూడదు కదా. నేనెత్తుకున్న బిడ్డ."

"మీ మంచితనం వదినగారూ."

"మంచితనం కాదు." ఎర్నెస్తీనా గొడుగు ముడిచి మళ్ళీ తెరిచింది. "ఓటు నీ వల్లే వచ్చిందని నాకు తెలుసు. నాకు వచ్చింది, నీకు రాలేదు. నేను వెయ్యను అనుకో, కోస్మెకి ఇష్టం లేదు. కానీ తెలుసు."

తోమాసాకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ ఊరి దుమ్ము ఎంత తిన్నదీ గుర్తొచ్చింది. ఆ ఓటు ఈవిడ బీరువాలో, పెళ్ళినాటి దుప్పట్ల మధ్య మడత విప్పకుండా పడి ఉంటుందన్నమాట.

ఆవిడ వెళ్ళాక నెరెయిదా పెట్టె తెరిచింది. తెల్లచెప్పులు. "అమ్మా, అక్కడ గ్రామఫోను ఉంది. జ్ఞానమ్మ నాకు కీ ఇవ్వనిస్తుంది."

తోమాసా చెల్లెలు బ్రిహిదా కూడా ఇలాగే జ్ఞానతల్లి ఇంటికి వెళ్ళింది. కొన్నాళ్ళకే అన్నారు. మంచి బట్ట, మంచి తిండి, చదువు, అన్నీ వచ్చాయి. ఇప్పుడు ఏడాదికోసారి వస్తుంది. కుర్చీ అంచున కూర్చుంటుంది. కన్నతల్లిని మీరు అంటుంది. ఎవరూ లాక్కోలేదు. ఎవరి మీదా ఫిర్యాదు లేదు. అలా పోయింది పిల్ల.

పంపితే ఒక భయం, ఉంచితే ఒక భయం. ఒకదాన్ని అవతలికి తోస్తే రెండోది వచ్చి మంచం మీద కూర్చుంటోంది. లాఠీ నిజంగా విరగ్గొడుతుంది, పక్క ఊళ్ళో విరగ్గొట్టింది. గ్రామఫోను ఎవరినీ కొట్టదు. శనివారం సాయంత్రం తోమాసా పిల్లకి తలంటి, జడ బిగించి, మెళ్ళో కార్మెల్ మాత బొమ్మ కుట్టిన రక్ష కట్టి తీసుకెళ్ళి దింపింది.

"ఎన్నాళ్ళమ్మా?"

"రేపొక్కరోజు."

"క్రిస్మస్ దాకా ఉన్నా మాకేం బరువు కాదు" అంది ఎర్నెస్తీనా పిల్ల భుజం మీద చెయ్యి వేస్తూ. "ఇక్కడి బడిలో మాట్లాడమని కోస్మెకి చెప్పాను కూడా."

తోమాసా తల ఊపింది. ఎందుకు ఊపిందో దారంతా ఆలోచించింది.

ఇంటి దగ్గర హెనరా మెట్టుమీద కూర్చుని అరటికాయ చెక్కు తీస్తోంది. "పిల్లేది?"

చెప్పింది.

"బాగుంది. ఊరందరి ఆడాళ్ళనీ మెడ ఎత్తమంటావు, ఆవిడ గుమ్మంలో మాత్రం నీ మెడ ఊపి వస్తావు."

"నీకేమే, అయిదుగురున్నారు."

"అయిదుగురున్నారని ఒకత్తిని అరువిస్తానా?" అని కత్తి గిన్నెలో పడేసింది హెనరా. మళ్ళీ కత్తి తీసుకుంటూ, "అయినా నేను నీ చోట ఉంటే ఏం చేసేదాన్నో నాకూ తెలీదులే" అంది.

ఆదివారం పొద్దున తోమాసా ఇంటి వెనక చాలాసేపు ఉంది. కడుపులో ఏమీ లేదు, పైత్యమే వచ్చింది. హెనరా నుదురు పట్టుకుని నిలబడింది. ఈసారి వేళాకోళం ఆడలేదు. అది తోమాసాని ఇంకా భయపెట్టింది.

తెల్లగౌన్లు వేసుకున్న ఆడవాళ్ళు షెడ్డు దగ్గర కలిసి, వరసగా సభకి బయల్దేరారు. రావలసినవాళ్ళలో సగం మందే వచ్చారు. సభ జరిగే చర్చి మైదానం మూలమీదే కోస్మె దొర ఇల్లు. పూజ అయిపోయింది, మేస్త్రీ చర్చినుంచి అటే కోడిపందేలకి పోయాడు. "ఒక్క క్షణం, పిల్లని చూసి వస్తా, అంతే" అని తోమాసా వరస విడిచింది.

చెక్క కిటికీ సగం తెరిచి ఉంది. లోపల కాఫీ వాసన. నెరెయిదా గొంతు వినిపించింది.

"దీవించమ్మా."

"దేవుడు దీవించాలి, నా బంగారుతల్లీ. మళ్ళీ అను."

"దీవించమ్మా."

జ్ఞానమ్మా అనడం లేదు. అమ్మా అంటోంది. పిల్ల తప్పు కాదు. నేర్పితే నేర్చుకుంది. తోమాసా కిటికీ చెక్క పట్టుకుంది. లాఠీ దెబ్బ ఎక్కడ పడుతుందో అని మూడు రోజులుగా ఒళ్ళంతా వెతుక్కుంటోంది. ఇక్కడ పడింది.

వెళ్ళి తలుపు తట్టింది. ఎర్నెస్తీనాయే తీసింది. ఇంట్లో వేసుకునే గుడ్డచెప్పులు, జుట్టు ఇంకా ముడి వెయ్యలేదు.

"వదినగారూ, పిల్లని పంపండి."

"ఇప్పుడా?" ఆవిడ మైదానం వైపు చూసింది. బ్యాండు మేళం అరుగు ముందు పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు. "అక్కడికా తోమాసా? తుపాకులున్నాయి."

"చూశాను. నా కాళ్ళు చూడండి."

చూసింది ఎర్నెస్తీనా. గౌను అంచు గాలి లేకుండానే వణుకుతోంది.

"మరెందుకు? నువ్వు తల్లివి కాదా?"

ఇద్దరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు. వీధిలో పోయేవాడికి వంటకబుర్లు చెప్పుకుంటున్నారనే అనిపిస్తుంది.

"మీ ఇంట్లో దానికేమీ కాదు. నాకు తెలుసు" అంది తోమాసా. "ఏమీ కాదు కాబట్టే, రేపు తీసుకెళ్ళడానికి నాకు నోరు రాదు. ఎల్లుండీ రాదు. ఇప్పుడే పంపండి వదినగారూ. దండం పెడతాను."

నెరెయిదా వెనకనుంచి వచ్చింది. కాళ్ళకి తెల్లచెప్పులు. తల్లిని చూసి నోరు తెరిచి, ఏమని పిలవాలో తోచనట్టు ఆగిపోయింది. అప్పుడు తోమాసా చెయ్యి చాపింది. పిల్ల పట్టుకుంది.

పది అడుగులు వేసేసరికి వెనక గుడ్డచెప్పుల చప్పుడు. ఎర్నెస్తీనా. తలమీద ముసుగు లేదు, తలుపు తీసే వదిలేసి వచ్చింది. పిల్ల రెండో చెయ్యి అందుకుంది.

"ఆ జనంలో పిల్లని ఒక్కదాన్నీ ఎలా వదులుతాను?" అంది. తోమాసాని చూసి కాదు, ముందుకి చూస్తూ.

అలా ముగ్గురూ మైదానంలోకి వచ్చారు. ఆడవాళ్ళు దారి ఇచ్చారు. ఎర్నెస్తీనాని చూసి హెనరా కళ్ళు పెద్దవి చేసి, శిలువ గుర్తు వేసుకుంది.

అరుగు మెట్ల దగ్గర పోలీసులు. సరిగ్గా మధ్యలో లిబొరియో. మెడ దగ్గర యూనిఫారం చెమటకి నల్లబడింది. పక్కన సార్జెంటు, సన్నటి మనిషి, పుల్లతో పళ్ళు కుట్టుకుంటున్నాడు. ముందు నోరు తెరిచేది ఎవరా అని ఆడవాళ్ళూ చూస్తున్నారు, పోలీసులూ చూస్తున్నారు. పావురాలు కూడా చర్చి అంచు దిగడం లేదు.

తోమాసా మొదటి మెట్టు ముందు ఆగింది. మాట ఎలా మొదలవుతుందో కూడా గుర్తులేదు. ఎదురుగా లిబొరియో. ఇద్దరి మధ్యా రెండు మూరల దూరం కూడా లేదు. వాడి చెయ్యి లాఠీ మీదికి పోలేదు, టోపీ మీదికి పోయింది. పుట్టిన దగ్గర్నించీ అలవాటైన చెయ్యి.

"దీవించు జ్ఞానమ్మా" అన్నాడు. పైకే అన్నాడు.

"దేవుడు చల్లగా చూడాలి నాయనా" అంది తోమాసా. ఆ మాటకి గొంతు తనంతట తనే వచ్చింది.

"అదుగో!" అని వెనకనుంచి హెనరా కేకేసింది. "ముందు నోరు తెరిచింది మీవాడే సార్జెంటూ! దించు మరి!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇంకెవరో. పోలీసుల వరసలో కూడా ఒకడు కింద పెదవి కొరుక్కున్నాడు. సార్జెంటు మాత్రం నవ్వలేదు. "లాఠీలు!" అన్నాడు. లాఠీలు లేచాయి. లిబొరియోది చివరగా లేచింది, అయినా లేచింది. తోమాసా పిల్లని గౌను వెనక్కి లాక్కుంది. లాగితే రెండో పక్కనుంచి ఎర్నెస్తీనా కూడా వచ్చేసింది, పిల్ల చెయ్యి వదలకుండా. సార్జెంటు అప్పుడు చూశాడు ఆవిణ్ణి.

"దోన్యా! మీరిక్కడేమిటి? ఇవతలికి రండి."

"పిల్ల కోసం వచ్చాను" అంది ఎర్నెస్తీనా.

"అయితే పిల్లని తీసుకుని ఇంటికి వెళ్ళండి. ఎవరూ అడ్డు రారు."

నిజమే, ఎవరూ అడ్డు రారు. తోమాసా కూడా రాదు. అలా లాఠీలు లేచి ఉండగా, తీసుకెళ్తే తీసుకెళ్ళనీ, ప్రాణమన్నా ఉంటుంది అనుకుంది. చెయ్యి వదులు చేసింది. ఎర్నెస్తీనా వంగి పిల్ల ముఖంలోకి చూసింది.

"వెళ్దామా తల్లీ?"

నెరెయిదా లాఠీల్ని చూసింది. ఏడుపు వచ్చేస్తోంది. తల అడ్డంగా ఊపి, వదులైన చేతిని మళ్ళీ గట్టిగా పట్టుకుంది.

ఎర్నెస్తీనా నిటారుగా నిలబడింది. విప్పిన జుట్టు చెవి వెనక్కి తోసుకుంది.

"పిల్ల రానంటోంది" అంది సార్జెంటుతో. ఎప్పటి జ్వరపు గొంతే. "అయితే నేనూ ఇక్కడే ఉంటాను."

మేస్త్రీ పెళ్ళాం తల మీద లాఠీ పడితే రేపు తన టోపీ ఉంటుందో ఊడుతుందో ఆ సన్నటి మనిషి లెక్క చూసుకుంటున్నాడు. ఆ లెక్క తేలేలోపు తోమాసా మెట్లెక్కేసింది.

"నాకు చదువు రాదు" అని మొదలుపెట్టింది. "రాదని ఓటు ఇవ్వలేదు. జైలుకి తీసుకెళ్ళేటప్పుడు మాత్రం చదువొచ్చా అని ఎవరూ అడగరు."

ఆపైన ఏం మాట్లాడిందో తర్వాత ఆమెకి గుర్తులేదు. లాఠీలు ఒక్కొక్కటే దిగడం గుర్తుంది. పిల్ల కింద ఎర్నెస్తీనా ఒక్కదాని పక్కనే నిలబడి ఉంది. అయినా దాని కళ్ళు పైనున్న తన మీదే ఉన్నాయి. అది గుర్తుంది.

మధ్యాహ్నానికి మైదానం ఖాళీ అయింది. ఎర్నెస్తీనా ఇంకా అరుగు చివర కూర్చునే ఉంది. గుడ్డచెప్పులు దుమ్ము కొట్టుకుపోయాయి.

"వెళ్ళరా వదినగారూ? ఎండ తలకి కొడుతోంది."

"కోస్మెకి ఈపాటికి ఎవరో చెప్పే ఉంటారు" అంది ఆవిడ. చెప్పుల దుమ్ము దులుపుతూ, "నాకు ఇంటికి పోవాలంటే భయంగా ఉంది తోమాసా" అంది.

తోమాసా ఆవిడ పక్కన కూర్చుంది. పెళ్ళి వయసు నాటినుంచీ చూస్తున్న మనిషి. జ్వరం పడినవాళ్ళ పక్కన మాట్లాడినట్టు ఎందుకు మాట్లాడుతుందో ఎప్పుడూ అడగలేదు.

"చెయ్యి చేసుకుంటాడా?"

ఎర్నెస్తీనా పిల్లవైపు చూసింది. నెరెయిదా దూరంగా హెనరాతో పావురాలకి మొక్కజొన్న వేస్తోంది. "అస్తమానం కాదు" అంది.

రేపు షెడ్డులో తను కూర్చునే పీపా ఉండదు, పని ఉండదు. అది తోమాసాకి తెలుసు. వెళ్ళి కోస్మె ఎదట నిలబడితే ఏ షెడ్డులోనూ ఉండదు. అదీ తెలుసు. ఆలోచించే కొద్దీ ఇంకా ఏమేం పోతాయో ఒక్కొక్కటే కనిపిస్తున్నాయి. అందుకని లేచింది.

"హెనరా! పిల్ల తలకి గుడ్డ కట్టవే. నేనిప్పుడే వస్తా."

ఇద్దరూ మైదానం దాటారు. పొద్దున తీసి వదిలేసిన తలుపు ఇప్పుడు మూసి ఉంది, మేస్త్రీ వచ్చేశాడు. లోపల గ్రామఫోను మోగడం లేదు, ఏ చప్పుడూ లేదు. తన ఇంటి తలుపు ముందు ఎర్నెస్తీనా చెయ్యి ఎత్తింది, దించింది. మళ్ళీ ఎత్తింది.

"నేనుంటాను, పదండి" అంది తోమాసా.

తలుపు తోమాసాయే తట్టింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.